స్థల యజమాని పేరు

జూన్ 3, మంగళవారం

బంగారం దొరికింది.

ఇంకోసారి రాస్తాను, అప్పుడైనా నాకు నమ్మకం కుదురుతుందేమో. మా బాత్రూం కింద బంగారం దొరికింది.

బాత్రూం నీళ్లు పోవడం లేదని అమ్మ నెల రోజులుగా లొల్లి. వెల్డింగ్ షాపుకు సెలవు చెప్పి, పైపు మారుద్దామని పొద్దున్నే తవ్వడం మొదలుపెట్టాను. నడుము లోతు దిగాక గడ్డపార సున్నపు గచ్చుకు తగిలి ఖంగుమంది. పాత గచ్చు అది, మేం వేసింది కాదు. పగలగొడితే కింద రాగి చెంబు. చెంబులో ముప్పై ఒక్క నాణేలు. ఒక్కోదాని మీద చార్మినార్ బొమ్మ, చుట్టూ నాకు రాని రాత.

బాపు గుంత అంచున ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. కాంట్రాక్టరు కింద ఇరవై రెండేళ్లు మ్యాన్‌హోళ్లలో దిగిన మనిషి, ఇప్పుడు వాకిలి దాకా నడిస్తే ఆయాసం. "గోడకు దగ్గర తవ్వుతున్నవ్ రా, కూలుతది" అని పొద్దటి నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. చెంబు చూశాక పీట గుంత దగ్గరకు జరుపుకున్నాడు.

అమ్మ మొదట తలుపుకు గొళ్లెం పెట్టింది. తర్వాత ఏడ్చింది. తర్వాత, "మా చిన్నమ్మ కొడుకుకు తెల్సిన సేటు ఉన్నడు. ఒక్కొక్కటి కరిగిస్తడు" అంది.

"దొంగసొత్తు లెక్క కరిగిచ్చుడేందే? మనమేమన్న దొంగలమా?"

"దొంగలం కాదు రా ఎల్లేష్. గరీబోళ్లం. ఠాణాల రెండు ఒకటే."

జూన్ 4

రోజంతా ఫోన్లో చట్టం చదివాను. బ్రిటిషోళ్ల కాలం నాటి నిధి చట్టం. ముందు ఇంగ్లీషులో, తర్వాత ఫోనే అనువదించి ఇచ్చిన వంకర తెలుగులో, మళ్లీ ఇంగ్లీషులో.

భూమిలో దాచిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు రాసి ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, వాటా కూడా పోతుంది. రాసి ఇస్తే ప్రకటన వేస్తారు, నాలుగు నెలలు ఆగి విచారణ పెడతారు. ఎవరిదీ కాదని తేలితే ముప్పాతిక దొరికినవాడికి, పాతిక ఆ స్థలం యజమానికి. సర్కారే ఉంచుకుంటే విలువ కట్టి, పైన ఐదో వంతు కలిపి ఇవ్వాలి.

తవ్వింది నేను. జాగా బాపుది. అంటే మొత్తం ఈ ఇంటికే. బాపును మంచి దవాఖానలో చూపించొచ్చు. ఇంత సాఫ్‌గా రాసి ఉంటే జనం ఎందుకు భయపడి చస్తారు? చదవరు కాబట్టి. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. పొట్లం కట్టిన పేపర్లు చదివి చదువు నేర్చుకున్నాను. నాకు అర్థమైంది.

జూన్ 5

డానియేలన్నను అడిగాను. మా గల్లీలోనే నాలుగిళ్ల అవతల ఉంటాడు, తహశీల్దారు ఆఫీసులో అటెండరు.

"అర్జీ పెట్టేది ఉంటే రెండు లైన్లు పెట్టు భాయ్. ఫలానా వస్తువు ఫలానా దినం ఫలానా తాన దొరికింది, అంతే. ఆఫీసుల ఎంత తక్వ చెప్తే అంత మంచిది."

రెండు లైన్లా? మనం రెండు లైన్లే రాస్తాం కాబట్టే వాళ్లు ఇరవై సార్లు తిప్పుతారు. స్కేలు తీసుకుని తెల్ల కాగితం మీద నేనే గడులు గీశాను, ఫారం లాగా. దొరికిన వస్తువు. దొరికిన చోటు, తేదీ. స్థల యజమాని పేరు. దొరికినవాడి పేరు. మూడో గడిలో ఎల్లప్ప అని పెద్ద అక్షరాలతో రాశాను. కాగితం మీద బాపు పేరు ఎదురుగా "యజమాని" అనే మాట నేను మొదటిసారి చూడడం.

జూన్ 6

కలెక్టరు ఆఫీసులో ఇచ్చేశాను. చెంబుతో సహా. సాక్షులుగా పిలిచిన పంచుల ముందు లెక్కపెట్టి సీలు వేశారు. రసీదు నా దగ్గర ఉంది. పెద్ద సారు లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. "నీలాంటి వాళ్లు ఉండాలయ్యా" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ అన్నం పెట్టి, "చెయ్యి ఇచ్చిండు గదా, కడుక్కొని తిను" అంది.

జూన్ 9

పేపర్లో వచ్చింది. నా పేరు ఎల్లేశ్వర్ అని వేశారు. షాపులో అందరూ "ఛోటే నవాబ్" అంటున్నారు. పొద్దున్నుంచి ఇంటి ముందు జనం. ఒకామె బాత్రూంకు దండం పెట్టింది.

జూన్ 14, శనివారం

పన్ను సంగతి ఎవరూ చెప్పలేదు. షాపు సేటు చెప్పాడు. మలక్‌పేటలో పన్ను కాగితాలు రాసే ప్రేమ్‌రాజ్ దగ్గరకు వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి అడగడం మొదలుపెట్టాడు.

"పాన్ కార్డ్ ఉందా?"

"ఉంది. సిమ్ కొననీకి తీసిన."

"రిటర్న్ ఎప్పుడైనా వేశావా?"

"దినం కూలి సార్."

"సరే. ఆదాయం ఎక్కడి నుంచి వచ్చిందని రాయమంటావ్?"

"గుంతలకెల్లి."

పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. గవర్నమెంటు వాటా ఇచ్చిన ఏడాది దాన్ని ఆదాయం కింద చూపించాల్సి రావచ్చు, ఆ రోజు ఉత్తర్వు పట్టుకుని రా, అప్పుడు చూద్దాం అన్నాడు. అమ్మ చెప్పినట్టు కరిగించి అమ్మి ఉంటే, ఎక్కడిదో చెప్పలేని బంగారం కింద మూడొంతులకు పైనే పన్ను పోయేదట, కేసు వేరేనట. అంటే నేను చేసిందే కరెక్టు. ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

ఇంకా చేతికి రాని బంగారానికి పన్ను మాట్లాడినందుకు ఫీజు తీసుకున్నాడు.

జూన్ 27

ఆఫీసు నుంచి ఫోన్ లేదు.

జూలై 8, మంగళవారం

గిర్దావర్ వచ్చాడు. జగదీశ్వర్ సార్, భూముల రికార్డు చూసే ఆయన. మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచాడు. గుంత చూశాడు, గచ్చు చూశాడు, ఫోటో తీసుకున్నాడు. తర్వాత నా అర్జీ తీసి, మూడో గడి మీద వేలు పెట్టాడు.

"యజమాని ఎల్లప్ప అని రాశావు. కాగితం చూపించు."

ట్రంకుపెట్టెలో నుంచి నోటరీ కాగితం తెచ్చాను. పంతొమ్మిదేళ్ల కింద బర్రెల బుచ్చయ్య కాక బాపుకు ఇల్లు అమ్మినప్పటిది. ఆ కాగితం నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. సారు పైకి చదివాడు: "నా యొక్క రేకుల ఇల్లు ఒకటి, గోడలు, తలుపులు, రేకులు, కరెంటు మీటరుతో సహా ఎల్లప్పకు అమ్మి స్వాధీనపరచితిని."

చదివి ఆగాడు. "గోడలు నీయి. రేకులు నీయి. గోడల కింద ఉన్నది ఎవరిది బాబూ?"

"ఇంటి పన్ను కడుతున్నం సార్. కరెంట్, నల్లా అన్నీ మా బాపు పేరు మీదనే ఉన్నయ్."

"అవి ఉంటున్నందుకు కడుతున్నారు. మీదైనందుకు కాదు."

కాగితం లాక్కుని మళ్లీ చదివాను. నాలుగుసార్లు. జాగా అన్న మాట లేదు. ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ నేను చదివింది ఏమిటి?

"నేను అడిగేవాణ్ని కాదు" అన్నాడు పోతూ పోతూ. "నువ్వే రాశావు. రాశాక చూడకపోతే నా ఉద్యోగం పోతుంది."

జూలై 10

బుచ్చయ్య కాక వచ్చాడు. డెబ్బై దాటినా పాలక్యాను తానే మోస్తాడు. బాపు పక్కన మంచం మీద కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"ఎల్లప్పా, అమ్మేటప్పుడే నీకు చెప్పిన. యాదికున్నదా?"

"ఉన్నది" అన్నాడు బాపు.

"ఏం చెప్పినవ్ కాకా?" అని నేను మీదికి పోయాను.

"జాగా నాది కాదని. మా నాయన ఈడ బర్రెల దొడ్డి పెట్టిండు. బర్రెలు తగ్గినంక నేను గోడలు పెట్టి ఇండ్లు అమ్మిన. ఈ గల్లీల ముప్పై ఎనిమిది ఇండ్లు బిడ్డా, అన్నిటికి గదే కాగితం. మూసీ పక్క సర్కార్ జాగా. ఎవ్వడు అడగలే. అడగనన్ని దినాలు మనదే."

బాపు వైపు తిరిగాను. "నీకు తెల్సా?"

"తెల్సు."

"అర్జీ చదివి వినిపించిన గదా! యజమాని ఎల్లప్ప అని గట్టిగ చదివిన. అప్పుడెందుకు చెప్పలే?"

బాపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "చదువుకున్నోనివి. నాకు తెల్వని కానూన్ ఏదో ఉన్నదనుకున్న."

జూలై 11

నా తప్పు లేదు. చట్టం చెయ్యమన్నదే చేశాను.

జూలై 29

సర్వే వాళ్లు వచ్చారు. మా ఇంటికే అనుకున్నాను. గల్లీ మొత్తం కొలత గొలుసు పట్టారు. ప్రతి గోడ మీద ఎర్ర రంగుతో నంబరు. మాది 17. డానియేలన్నది 21.

నల్లా దగ్గర ఆయన భార్య సోనీ వదిన నన్ను చూసి, అందరికీ వినబడేలా, "బంగారు బాబు వచ్చిండు, జరగుండ్రి" అంది. నేను బకెట్ పెట్టాను. "మా గోడకు నంబర్ ఏపిచ్చినవ్ గదా మరిది, ముగ్గు గూడ నువ్వే ఎయ్యి పొద్దుగాల."

వదిన ఎప్పుడూ సరదాగా మాట్లాడే మనిషి. నవ్వు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఆగస్టు 2

ఉపసంహరణ అర్జీ తీసుకుపోయాను. ఈసారి గడులు లేవు. రెండు లైన్లే. క్లర్కు తీసుకోలేదు. "ఇచ్చింది బంగారం తమ్ముడూ, పెళ్లి పత్రిక కాదు వాపస్ తీసుకోనీకి." అరిచాను. గేటు దాకా దింపి వచ్చారు. నా చెయ్యి పట్టుకున్న పెద్ద సారు బదిలీ అయ్యాడట.

ఆగస్టు 3

నా తప్పు లేదు.

ఆగస్టు 19

ప్రకటన వేశారు. నిధి మీద హక్కు ఉన్నవాళ్లు విచారణకు రావచ్చునని. అప్పుడే పదకొండు మంది వచ్చారట. ఒకాయన తన ముత్తాత కలలోకి వచ్చి చెంబు గుర్తులు చెప్పాడని రాసి ఇచ్చాడట. ఈ మాట డానియేలన్న చెప్పాడు. గుమ్మం బయటే నిలబడి చెప్పి వెళ్లిపోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

సెప్టెంబర్ 16

గల్లీకి నోటీసులు. ముప్పై ఎనిమిది. స్థలం మీద మీకున్న హక్కు ఏమిటో చూపించండి, లేకపోతే ఆక్రమణగా భావించి చర్య తీసుకుంటాం. ఇరవై ఇళ్ల వాళ్లు నోటీసు నా దగ్గరకే తెచ్చారు, చదివి చెప్పమని. తిట్టారు, తర్వాత కాగితం చేతికి ఇచ్చారు. ఒక్కొక్కరికీ చదివి చెప్పాను. ఇరవై సార్లు.

ఎవరినైనా కొట్టాలని ఉంది. ఎవరిని కొట్టాలో తెలియడం లేదు.

అక్టోబర్ 7, మంగళవారం

కోర్టు దగ్గర ఉచితంగా కేసులు చూసే వకీలు రశ్మి మేడం దగ్గరకు వెళ్లాను. వద్దన్నా బాపు వెంట వచ్చాడు. మెట్లు ఎక్కడానికి పావుగంట పట్టింది. మేడం కాగితాలన్నీ చదివింది. చదివేటప్పుడు పెన్సిలు ఆడించని మనిషిని మొదటిసారి చూశాను.

"చూడు ఎల్లేష్. విచారణలో నిన్ను అడిగేది ఒక్కటే ప్రశ్న. స్థలం మీదే అంటావా, నిరూపించాలి, నిరూపించలేవు. మాది కాదు అంటావా, ఆ గల్లీ సర్కారుదని నీ నోటితో నువ్వే చెప్పినట్టు. మిగతా ముప్పై ఏడు ఇళ్ల మీద ఆ మాటే వాడతారు."

"సర్కార్ జాగలకు పట్టా ఇచ్చే క్రమబద్ధీకరణ అంటరు గదా మేడం?"

"అర్జీ పెట్టుకోవచ్చు. నేనే రాసిస్తాను. నదికి ఇంత దగ్గర ఉన్నవాటికి ఇస్తారని మాత్రం చెప్పలేను."

"మరి నేనేం చెయ్యాలె?"

"జూన్‌లో వచ్చి ఉంటే ఆ గడి గీయొద్దని చెప్పేదాన్ని."

లేచాను. బల్ల మీద గుద్దినట్టున్నాను, గ్లాసు ఒలికింది. ఆమె కాగితాలు పక్కకు జరిపింది. అప్పుడు బాపు నోరు తెరిచాడు.

"అమ్మా, అసలు ఈ లొల్లి మా గల్లీకి ఎందుకొచ్చింది?"

"దొరికిన చోటు అదే కాబట్టి పెద్దాయనా. ఆ చోటు ఎవరిదని తేల్చాలి. ఇంకో చోట దొరికి ఉంటే మీ గల్లీ దాకా వచ్చేవాళ్లే కాదు."

బాపు తల ఊపాడు. బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయాసం అనుకున్నాను.

అక్టోబర్ 9

పొద్దున టీ తాగి బాపు, "కాగితం తే. రాయి" అన్నాడు.

"ఏం రాయాలె?"

"నేను, ఎల్లప్ప, పన్నెండేండ్ల కింద పురానాపూల్ మెయిన్ రోడ్డు మోరీల దిగి పని చేస్తుంటే ఒక చెంబు దొరికింది. ఎవ్వరికి చెప్పలే. ఇంటికి తెచ్చి బాత్రూంల పాతిపెట్టిన. నా పెండ్లానికి, నా కొడుకుకు తెల్వది. రాసినవా?"

పెన్ను పట్టుకున్నానంతే.

"అబద్ధం బాపు."

"రాయి."

"గచ్చు పాతది. సార్ ఫోటో తీసుకున్నడు."

"సున్నం నేనే కలిపి పోసిన అని రాయి. మేస్త్రీ పని రాదా నాకు?"

"పని మీద దొరికింది దాచినవ్ అంటరు. దొంగ అంటరు నిన్ను. ఏడాది దాకా జైలు ఉన్నది. బంగారంల మనకు రూపాయి రాదు."

"బంగారం పోనియ్యి. అది జూన్లనే పోయింది." దమ్ము తీసుకున్నాడు. "ఇరవై రెండేండ్లు మోరీల దిగిన. అండ్లకెల్లి ఏం తెచ్చిన్నంటే అది నమ్ముతరు. నీ మాట నమ్మనీకి వాళ్లకు కాగితం గావాలె. నా మాటకు అక్కర్లే."

అమ్మ వైపు చూశాను. ఆమె అడ్డం పడుతుందనుకున్నాను. ఇల్లు ఊడుస్తున్నదల్లా చీపురు పక్కన పెట్టి గోడకు ఒరిగి నిలబడింది. "అందరు సోనీ లెక్క మనల్ని తిట్టినా గూడ బతకొచ్చు రా. పిల్లలను ఎంటేసుకొని రోడ్డు మీద పడ్డంక ఎట్ల చూడాలె వాళ్ల మొఖం?" అంది. తర్వాత, "నీ నాయన చెప్పింది రాయి" అంది.

రాయను అన్నాను. బయటికి పోయాను. చాంద్రాయణగుట్ట దాకా పోయి, షాపు షటర్ ముందు నిలబడి, వెనక్కి వచ్చాను. బాపు అలాగే కూర్చుని ఉన్నాడు, కాగితం గాలికి ఎగరకుండా మోకాలి కింద పెట్టుకుని.

అక్టోబర్ 10

రాయలేదు.

అక్టోబర్ 12

రాశాను.

ఒక్క పేజీ. అందులో నిజాలు రెండే: బాపు పేరు, బాపు పని.

డానియేలన్నకు మాత్రం చెప్పాను. గుమ్మం బయటే ఉండేవాడు లోపలికి వచ్చాడు, బాపు కాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు. "నీకేమన్న అయితే మేం ఉన్నం బాపు" అన్నాడు. ఎవరిని నమ్మించడానికి అన్నాడో నాకు తెలియదు. ఏమీ కాదు అని నేను కూడా అన్నాను. ముసలాయన, రోగి, జరిమానాతో పోతుంది అన్నాను. చట్టంలో "లేదా" అని ఉంది. ఆ "లేదా" మీద మూడు రోజులుగా బతుకుతున్నాను.

అక్టోబర్ 14, మంగళవారం

వెళ్లాం. జగదీశ్వర్ సార్ బాపుకు కుర్చీ వేయించాడు. వాంగ్మూలం కాగితం తీసుకుని చదివాడు. చాలాసేపు చదివాడు. ఆయన కంప్యూటర్లో మా బాత్రూం ఫోటో ఉందని నాకు తెలుసు. గచ్చు వయసు ఆయనకూ తెలుసు.

"ఇది నిజమేనా ఎల్లప్పా?"

"నిజమే సార్."

"దీని తర్వాత ఏమవుతుందో నీ కొడుకు చెప్పాడా?"

"చెప్పిండు. వద్దన్నడు గూడ."

సారు ముఖం తుడుచుకున్నాడు. "దొరికిన చోటు మెయిన్ రోడ్డు అని రాసుకుంటాను. మీ గల్లీ నోటీసుల మీద ఇక నేను ముందుకు పోను. నా పైవాళ్ల సంగతి నేను చెప్పలేను. ఈ ఫైలు మాత్రం పోలీసులకు పోతుంది." తర్వాత నా వైపు తిరిగాడు. "మీ నాన్నకు చదువు రాదు కదా. రాసినవాడు పైకి చదివి వినిపించాలి, విని ఒప్పుకున్నాడని నువ్వు సంతకం పెట్టాలి. పద్ధతి అది."

"మీరు చదవండి సార్."

"రాసింది నువ్వు."

నిలబడి చదివాను. ఆఫీసంతా పని ఆపి వింది. నేను, ఎల్లప్ప, తండ్రి పేరు సోమయ్య. పనిలో ఉండగా దొరికిన సొత్తును. ఎవరికీ తెలియజేయకుండా. దురాశతో. "దురాశతో" బాపు చెప్పింది కాదు. వాక్యం బాగుంటుందని నేను కలిపాను. అక్కడ చదవడం ఆపేశాను. సారు నీళ్లు ఇచ్చాడు. మళ్లీ అక్కడి నుంచే చదవమన్నాడు. చదివాను. ఒక్కో వాక్యం దగ్గర బాపు తల ఊపుతూనే ఉన్నాడు, ఒక్కటి కూడా వదలకుండా.

అయిపోయింది. బాపు వేలిముద్ర వేశాడు. నేను కింద సంతకం పెట్టాను. ఇంకు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతుకుతుంటే బాపు తన భుజం మీది తువ్వాల నాకు ఇచ్చాడు.

"మంచిగ చదివినవ్ బిడ్డా" అన్నాడు.